లినక్స్‌లో థండర్‌బర్డ్‌ని వాడి చూడటం ఎలా? మెయిల్స్ పోకుండా, డేటా ప్యాక్ ఖాళీ కాకుండా

లినక్స్ మింట్, ఉబుంటు వేసుకున్నవాళ్లలో చాలామంది మెయిల్ మాత్రం ఇంకా బ్రౌజర్‌లోనే చూస్తుంటారు. మెనూలో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ కనిపిస్తుంది. ఒకసారి తెరుస్తారు, అది పాస్‌వర్డ్ అడగ్గానే మూసేస్తారు. ఆ జంకుకి కారణం ఉంది. పదేళ్ల మెయిల్ ఉన్న అకౌంట్‌ని కొత్త ప్రోగ్రామ్ చేతిలో పెడితే ఏమైనా చెరిగిపోతుందేమో, ఉన్న డేటా అంతా లాగేస్తుందేమో అనిపించడం సహజం. రెండూ జరగగలవు, రెండింటినీ ముందే ఆపవచ్చు కూడా. ఈ కింది పద్ధతిలో వెళితే వారం రోజులు నిశ్చింతగా వాడి చూసి, నచ్చకపోతే ఆనవాలు లేకుండా తీసేయవచ్చు. ఇక్కడ ఉదాహరణగా జీమెయిల్‌నే తీసుకుంటున్నాం, ఎక్కువమందికి ఉన్నది అదే కాబట్టి. కమాండ్లు ఏమీ కొట్టనక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు బ్రౌజర్‌లో చేయాల్సినవి

మీకు రెండు జీమెయిల్ అకౌంట్లు ఉంటే, బ్యాంకు ఓటీపీలూ ఆఫీసు ఉత్తరాలూ వచ్చేదాన్ని వదిలేసి రెండోదానితో మొదలుపెట్టండి. ఒక్కటే ఉంటే దానితోనే చేయవచ్చు, కానీ ఈ మూడు పనులు మాత్రం మానకండి.

1. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, పైన గేరు బొమ్మ నొక్కి, 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్లండి. 'లేబుల్స్' ట్యాబ్‌లో 'ఆల్ మెయిల్' ఎదురుగా 'షో ఇన్ ఐమ్యాప్' అనే గీటు ఉంటుంది (ఐమ్యాప్ అంటే సర్వర్‌లోని మెయిల్స్‌ని బయటి ప్రోగ్రామ్‌లు చూసే పద్ధతి). దాన్ని తీసేయండి. స్పామ్, ట్రాష్ తప్ప మీ అకౌంట్‌లోని ప్రతి మెయిలూ ఆల్ మెయిల్‌లో ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే థండర్‌బర్డ్‌లో ఇన్‌బాక్స్‌తో పాటు ఆ పెద్ద కుప్ప కూడా దిగడం మొదలవుతుంది.

2. 'ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్' ట్యాబ్‌లో 'ఫోల్డర్ సైజ్ లిమిట్స్' అని ఉంటుంది. అక్కడ రెండో వరుస ఎంచుకుని 1,000 పెట్టి, కింద 'సేవ్ చేంజెస్' నొక్కండి. ఇక ఏ ఫోల్డర్‌లోనైనా వెయ్యి మెయిల్స్‌కి మించి థండర్‌బర్డ్‌కి కనిపించవు. ఈ చిన్న అంకె సంగతి చాలామందికి తెలియదు, ప్రయోగానికి ఇంతకంటే మంచి కట్టడి లేదు. ఐమ్యాప్‌ని ఆన్ చేయమని చెప్పే పాత సూచనల గురించి కంగారు పడకండి. 2025 జనవరి నుంచి మామూలు జీమెయిల్ అకౌంట్లలో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

3. 'ప్రయోగం' అని తెలుగులోనే ఒక కొత్త లేబుల్ తయారుచేయండి. మీకు మీరే నాలుగైదు ఉత్తుత్తి మెయిల్స్ పంపుకుని, వాటికి ఆ లేబుల్ పెట్టండి. తర్వాత చెరపడం నేర్చుకునేది వీటి మీదే.

ఇన్‌స్టాల్ చేయడం

లినక్స్ మింట్‌లో థండర్‌బర్డ్ ముందే ఉంటుంది. ఉబుంటులో మినిమల్ ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు ఉండదు. యాప్ సెంటర్ తెరిచి వెతికి 'ఇన్‌స్టాల్' నొక్కితే చాలు. డెబియన్ గ్నోమ్‌లో మామూలుగా ఎవల్యూషన్ అనే వేరే మెయిల్ ప్రోగ్రామ్ ఉంటుంది, థండర్‌బర్డ్‌ని 'సాఫ్ట్‌వేర్' నుంచి తెచ్చుకోవాలి.

ఉబుంటు 24.04 నుంచి థండర్‌బర్డ్ స్నాప్ రూపంలో, అంటే మిగతా సిస్టమ్ నుంచి కాస్త వేరుగా ఉంచే ప్యాకేజీగా వస్తుంది. వాడటంలో తేడా తెలియదు గానీ రెండుచోట్ల తగులుతుంది. ఒకటి, మెయిల్స్ దాచే ఫోల్డర్ వేరే చోట ఉంటుంది, ఆ సంగతి చివర్లో వస్తుంది. రెండు, పెన్‌డ్రైవ్‌లోని ఫైల్‌ని అటాచ్ చేయబోతే అది కనిపించకపోవచ్చు. సెట్టింగ్స్‌లో 'యాప్స్' కింద థండర్‌బర్డ్‌ని ఎంచుకుని బయటి డ్రైవ్‌లకు అనుమతి ఇవ్వండి. లేదంటే ఫైల్‌ని ముందు డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి పెట్టండి.

అకౌంట్ కలపడం

తొలిసారి తెరవగానే పేరు, మెయిల్ అడ్రస్ అడుగుతుంది. పేరు దగ్గర మీరు రాసిందే అవతలివాళ్లకు 'ఫ్రమ్' వరుసలో కనిపిస్తుంది, కాబట్టి సరిచూసుకుని రాయండి. తెలుగులో రాసినా చక్కగా వెళ్తుంది. పాస్‌వర్డ్ అడిగితే జీమెయిల్ విషయంలో ఖాళీగా వదిలేసి 'కంటిన్యూ' నొక్కండి. జీమెయిల్, యాహూ, అవుట్‌లుక్ లాంటి పెద్ద సేవల సర్వర్ వివరాలు థండర్‌బర్డ్ తానే వెతికి తెచ్చుకుంటుంది, మీరు టైపు చేయాల్సింది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఐమ్యాప్, పాప్ అని రెండు దారులు చూపించవచ్చు. ఐమ్యాప్‌నే ఎంచుకోండి. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మీ కంప్యూటర్ దానికి అద్దం లాంటిది. పాప్ మెయిల్స్‌ని దించుకుని తన దగ్గర పెట్టుకుంటుంది. పైగా పాప్ సెట్టింగ్స్‌లో మెయిల్స్‌ని 14 రోజుల తర్వాత సర్వర్ నుంచి తీసేయమనే గీటు మామూలుగా పెట్టే ఉంటుంది. కొన్ని మెయిల్ సేవల్లో, సరదాగా వాడి చూద్దామని పాప్‌తో మొదలుపెట్టినవాళ్లకు రెండు వారాలు పోయాక ఫోన్‌లో మెయిల్స్ మాయమైనట్టు కనిపించేది ఇందుకే.

వివరాల్లో ఈ మూడు సరిగా ఉన్నాయో లేదో ఒక చూపు చూడండి. లోపలికి వచ్చే సర్వర్ పోర్టు 993, భద్రత ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. బయటికి వెళ్లే సర్వర్ పోర్టు 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్. రెండింటికీ ధ్రువీకరణ పద్ధతి 'ఓఆత్2', అంటే పాస్‌వర్డ్‌ని ప్రోగ్రామ్‌కి కాకుండా గూగుల్ పేజీలోనే ఇచ్చే పద్ధతి.

'డన్' నొక్కగానే గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ మీ పాస్‌వర్డ్ ఇవ్వాలి, టూ-స్టెప్ ఉంటే ఫోన్‌లో ఒప్పుకోవాలి. ఆ తర్వాత వచ్చే అనుమతి పేజీలో 'మీ మెయిల్స్ అన్నీ చదవడం, రాయడం, పంపడం, శాశ్వతంగా తొలగించడం' అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. అది చూసి చాలామంది ఆగిపోతారు. ఏ ఐమ్యాప్ ప్రోగ్రామ్‌కైనా గూగుల్ ఇచ్చేది ఈ మొత్తం అనుమతే, చదవడానికి మాత్రమే అని చిన్న ముక్క లేదు. ఆ అధికారం అందేది మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కి. మీ మెయిల్స్ మీకూ గూగుల్‌కీ మధ్యే తిరుగుతాయి, థండర్‌బర్డ్ తయారుచేసేవాళ్ల సర్వర్ ఏదీ మధ్యలో ఉండదు.

లాగిన్ కిటికీ తెల్లగా ఉండిపోయినా, పాస్‌వర్డ్ ఇచ్చాక మళ్లీ మొదటికే వస్తున్నా థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద కుకీలు ఒప్పుకునే గీటు ఉందో లేదో చూడండి. కుకీలు లేకపోతే ఓఆత్2 పూర్తికాదు.

వెంటనే ఆఫ్‌లైన్ నొక్కండి

అకౌంట్ కలవగానే థండర్‌బర్డ్ అడక్కుండానే పాత మెయిల్స్ అన్నిటినీ, అటాచ్‌మెంట్లతో సహా, దించడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఫైబర్ ఉంటే ఫర్వాలేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో ఉంటే ఆ పూటకి అంతే సంగతులు. అందుకే కిటికీ కింద ఎడమ మూలన ఉన్న చిన్న కనెక్షన్ బొమ్మ మీద నొక్కి ఆఫ్‌లైన్‌లోకి వెళ్లండి. ఇప్పుడు తీరిగ్గా:

1. ఎడమవైపు అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'సెట్టింగ్స్' తెరవండి.
2. 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్'లోకి వెళ్లండి.
3. డిస్క్ స్పేస్ భాగంలో 'సింక్రనైజ్ ద మోస్ట్ రీసెంట్' ఎంచుకుని 30 రోజులు పెట్టండి.
4. డేటా మరీ తక్కువైతే, ఇంత కేబీ దాటిన మెయిల్స్ దించవద్దు అనే గీటు కూడా పెట్టి అక్కడ 500 రాయండి. పెద్ద మెయిల్స్ మీరు తెరిచినప్పుడే దిగుతాయి.
5. అదే పేజీలో పాత మెయిల్స్‌ని తొలగించే ఎంపికలు ఉంటాయి. 'డోంట్ డిలీట్ ఎనీ మెసేజెస్' మీదే ఉంచండి. అక్కడ రోజుల సంఖ్య పెడితే అది సర్వర్‌లోని అసలు మెయిల్స్‌ని కూడా తీసేస్తుంది. స్థలం ఆదా అనుకుని దాన్ని ముట్టుకోకండి.

మళ్లీ మూలన బొమ్మ నొక్కి ఆన్‌లైన్‌లోకి రండి. పాత మెయిల్స్ సబ్జెక్టు వరుసలు కనిపిస్తూనే ఉంటాయి, లోపలి మ్యాటర్ మాత్రం నెల రోజుల మెయిల్స్‌దే ముందుగా దిగుతుంది.

'ప్రయోగం' ఫోల్డర్ ఎడమ వరుసలో కనిపించాలి. లేకపోతే అకౌంట్ మీద రైట్ క్లిక్ చేసి 'సబ్‌స్క్రైబ్'లో రిఫ్రెష్ నొక్కి, దాని ముందు గీటు పెట్టండి.

చెరిపి చూడండి

ఈ భాగాన్ని తొందరపడి దాటేయకండి. 'ప్రయోగం'లోని ఒక మెయిల్‌ని డిలీట్ చేసి, బ్రౌజర్‌లో జీమెయిల్ చూడండి. అక్కడా అది 'ప్రయోగం'లోంచి పోయి బిన్‌లో (ట్రాష్‌లో) ఉంటుంది. ఇక్కడ చేసింది అక్కడ జరుగుతుంది, ఫోన్‌లో కూడా. బిన్‌లోవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి, ఈలోగా వెనక్కి తెచ్చుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే మాత్రం ట్రాష్‌లో వేయకుండా నేరుగా తీసేస్తుంది, ఆ అలవాటు వద్దు.

జీమెయిల్ లేబుళ్లలో ఇంకో మెలిక. ఒకే మెయిల్‌కి రెండు లేబుళ్లుంటే అది థండర్‌బర్డ్‌లో రెండు ఫోల్డర్లలో కనిపిస్తుంది. రెండు కాపీలు ఉన్నాయి కదా అని ఒకటి చెరిపితే, అది బిన్‌కి వెళ్తూ రెండో చోటి నుంచి కూడా పోతుంది. ఎందుకంటే ఉన్న మెయిల్ ఒక్కటే, పేరు చీటీలు రెండు.

కీబోర్డు విషయంలోనూ జాగ్రత్త కావాలి. థండర్‌బర్డ్‌లో ఒంటి అక్షరాలే షార్ట్‌కట్‌లు. మెయిల్ జాబితా మీద ఉన్నప్పుడు 'ఏ' నొక్కితే ఆర్కైవ్, 'జే' నొక్కితే జంక్, 'ఎమ్' నొక్కితే చదివినట్టూ చదవనట్టూ మారుతుంది. వెతికే పెట్టెలో ఉన్నామనుకుని పేరు టైపు చేస్తే చూస్తుండగానే మెయిల్స్ ఇన్‌బాక్స్ నుంచి తప్పుకుంటాయి. కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి వస్తాయి. వేరే పని చేసేయకముందే కొట్టండి.

తెలుగు సరిగా కనిపించడం, రాయడం

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే మీ సిస్టమ్‌లో తెలుగు ఫాంటు లేదన్నమాట. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంట్లు వేసుకోండి. తర్వాత థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఫాంట్ల దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కి, పైన భాషల పెట్టెలో తెలుగు ఎంచుకోండి. సైజు ఇంగ్లీషు కంటే ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ పెట్టండి. ఒత్తులూ, క్రిందికి దిగే గుణింతాలూ చిన్న సైజులో కలిసిపోయి 'క్ష్మ్య' లాంటివి చదవలేనట్టు అవుతాయి. అక్కడే ప్లెయిన్ టెక్స్ట్ మెయిల్స్‌కి ఫిక్స్‌డ్ విడ్త్ ఫాంటు వాడమనే గీటు ఉంటే తీసేయండి, తెలుగుకి అది నప్పదు.

రాయడానికి గ్నోమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద 'ఇన్‌పుట్ సోర్సెస్'లో తెలుగు కలపండి. ఇన్‌స్క్రిప్ట్ అలవాటు ఉన్నవాళ్లకు అది చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కావాలంటే ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసి, ఒకసారి లాగౌట్ అయి రావాలి. సూపర్ (విండోస్ బొమ్మ ఉన్న కీ), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. రాసిన ప్రతి తెలుగు మాట కిందా ఎర్ర గీత పడుతుంటే అది ఇంగ్లీషు స్పెల్ చెకర్ పని. రాసే కిటికీలో రైట్ క్లిక్ చేసి దాన్ని ఆపేయండి.

ఎవరైనా అను ఫాంట్లలో టైపు చేసి పంపిన మ్యాటర్ పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తే తప్పు థండర్‌బర్డ్‌ది కాదు. అది యూనికోడ్ కాదు కాబట్టి ఏ మెయిల్ ప్రోగ్రామ్‌లోనైనా అంతే, కన్వర్టర్‌తో మార్చుకోవాలి. పంపినది యూనికోడే అయినా గజిబిజిగా వస్తే 'వ్యూ' మెనూలో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' ఒకసారి నొక్కి చూడండి.

పంపడం

తెలుగు సబ్జెక్టుతో, ఒక పీడీఎఫ్ జతచేసి, మీ రెండో అడ్రస్‌కో ఇంట్లోవాళ్లకో పంపండి. సెంట్ ఫోల్డర్‌లో అది రెండుసార్లు కనిపిస్తే అకౌంట్ సెట్టింగ్స్‌లో 'కాపీస్ అండ్ ఫోల్డర్స్' తెరిచి, పంపినప్పుడు కాపీ ఉంచమనే గీటు తీసేయండి. జీమెయిల్ సర్వర్ తానే ఒక కాపీ ఉంచుకుంటుంది. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ల హద్దు ఇక్కడి నుంచి పంపినా 25 ఎంబీయే.

జవాబు రాయబోతే కర్సర్ పాత మెయిల్ కింద నిలబడుతుంది. మన ఆఫీసుల్లో జవాబు పైనే ఉండాలి, లేకపోతే అవతలివాళ్లు ఖాళీ మెయిల్ వచ్చిందనుకుంటారు. 'కాంపోజిషన్ అండ్ అడ్రసింగ్'లో జవాబుని కోట్‌కి పైన మొదలుపెట్టమని మార్చండి. ఆ కిందే సంతకం ఎక్కడ రావాలో ఉంటుంది, అదీ పైకి మార్చండి.

వారంలో తగిలే ఇబ్బందులు

మెయిల్స్ వస్తున్నాయి కానీ వెళ్లడం లేదంటే, బయటికి వెళ్లే సర్వర్‌కి ధ్రువీకరణ ఓఆత్2 కాకుండా మామూలు పాస్‌వర్డ్ అని ఉండి ఉంటుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో వరుస అట్టడుగున 'అవుట్‌గోయింగ్ సర్వర్' ఉంటుంది, అక్కడ మార్చాలి. లోపలి సర్వర్‌కి మార్చి దీన్ని మరిచిపోవడం తరచూ జరుగుతుంది. మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతుంటే సెట్టింగ్స్‌లో 'సేవ్డ్ పాస్‌వర్డ్స్' తెరిచి, ఆ అకౌంట్‌కి సంబంధించిన వరుసలు తీసేసి, థండర్‌బర్డ్‌ని మూసి తెరవండి. గూగుల్ కిటికీ మళ్లీ వస్తుంది.

కనెక్షన్లు మించిపోయాయని సందేశం వస్తే 'సర్వర్ సెట్టింగ్స్'లో అడ్వాన్స్‌డ్ కింద ఉన్న 5ని 2 చేయండి. జీమెయిల్ ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 కనెక్షన్లే ఒప్పుకుంటుంది, ఫోనూ ట్యాబూ కూడా అందులోంచే తీసుకుంటాయి.

బ్యాంకు, రైల్వే మెయిల్స్ బొమ్మలు లేకుండా బోసిగా కనిపిస్తాయి. అది లోపం కాదు. బయటి నుంచి వచ్చే బొమ్మల ద్వారా మీరు మెయిల్ తెరిచిన సంగతి పంపినవాళ్లకు తెలుస్తుంది, అందుకని థండర్‌బర్డ్ వాటిని ఆపుతుంది. నమ్మకమైన మెయిల్‌లో పైన వచ్చే పట్టీ మీద నొక్కి ఆ ఒక్కదానికి చూపించమనండి.

ఫోల్డర్‌లో ఉండాల్సిన మెయిల్స్ కనిపించకపోతే, సబ్జెక్టు ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటే, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో 'రిపేర్ ఫోల్డర్' నొక్కండి. ఐమ్యాప్‌లో ఇది ఇక్కడి కాపీని పారేసి సర్వర్ నుంచి కొత్తగా తెచ్చుకుంటుంది, కాబట్టి హాట్‌స్పాట్ మీద చేయకండి.

ఇంట్లో నలుగురూ ఒకే లాగిన్ వాడే కంప్యూటర్ అయితే 'ప్రైమరీ పాస్‌వర్డ్' పెట్టండి. అది లేకపోతే సేవ్ అయిన పాస్‌వర్డ్‌లని ఎవరైనా తెరిచి చూడవచ్చు. కానీ దించిన మెయిల్స్‌కి అది తాళం వేయదు. అవి డిస్క్ మీద మామూలు ఫైళ్లలోనే ఉంటాయి. పూర్తి గోప్యత కావాలంటే ఒక్కొక్కరికి వేరే యూజర్ అకౌంట్ పెట్టడమే దారి.

ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్ మీద ఉండి ఐమ్యాప్ మూసేసి ఉంటే, ఎవల్యూషన్‌కి ఎక్స్ఛేంజ్‌తో కలిపే ఈడబ్ల్యూఎస్ ప్యాకేజీ జోడించి వాడి చూడండి. అలాంటి చోట పని జరగనిది ఎక్కువసార్లు ఆఫీసు ఐటీ వాళ్ల అనుమతి లేకే, ముందు వాళ్లని అడగండి.

తీసేయాలన్నా, ఉంచుకోవాలన్నా

నచ్చకపోతే అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమ కింద 'అకౌంట్ యాక్షన్స్' నొక్కి 'రిమూవ్ అకౌంట్' ఎంచుకోండి. మెసేజ్ డేటా కూడా తీసేయమనే గీటు పెడితే పోయేది మీ డిస్క్ మీది కాపీయే, ఐమ్యాప్ కాబట్టి సర్వర్‌లో మెయిల్స్ అలాగే ఉంటాయి. తర్వాత బ్రౌజర్‌లో గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీకి వెళ్లి, బయటి యాప్‌ల జాబితాలో థండర్‌బర్డ్‌కి ఇచ్చిన అనుమతి రద్దు చేయండి. ప్రోగ్రామ్‌ని అన్ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఈ అనుమతి పోదు. మెయిల్స్, సెట్టింగ్స్ దాచే ప్రొఫైల్ ఫోల్డర్ కూడా మిగిలే ఉండవచ్చు. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే థండర్‌బర్డ్ ఫోల్డర్ కనిపిస్తుంది. స్నాప్ అయితే హోమ్‌లోని 'స్నాప్' ఫోల్డర్ లోపల, 'థండర్‌బర్డ్', దానిలో 'కామన్' కింద చూడాలి.

ఉంచుకుంటే, మొదట జీమెయిల్‌లో పెట్టిన 1,000 హద్దు తీసేయండి. లేకపోతే పాత మెయిల్స్ కోసం వెతికినప్పుడు అవి లేనట్టే వస్తుంది. ఐమ్యాప్‌తో దించినదాన్ని బ్యాకప్ అనుకోకండి, సర్వర్‌లో పోయింది ఇక్కడా పోతుంది. పోగొట్టుకోకూడని మెయిల్స్‌ని ఎంచుకుని 'లోకల్ ఫోల్డర్స్' కిందికి కాపీ చేయండి, మూవ్ కాదు. అప్పుడప్పుడు థండర్‌బర్డ్‌ని పూర్తిగా మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. టూల్స్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్' కూడా ఉంది గానీ, ప్రొఫైల్ 2 జీబీ దాటితే అది పనిచేయదు. అప్పుడు చేత్తో కాపీ చేయడమే.